కారు ఎవరితో కడిగిద్దాం: అపార్ట్‌మెంట్ అన్న బకెట్టా, ఫోమ్ వాష్ షాపా, మన చేతులా?

కారు కొన్న ఏడో నెలలో ఒక రాత్రి బెంగళూరు మారతహళ్ళి దగ్గర పెట్రోల్ కొట్టించుకోవడానికి ఆగాను. బంకు పైకప్పుకి ఉన్న తెల్ల ఎల్ఈడీ లైట్లు సూటిగా బోనెట్ మీద పడుతున్నాయి. ఆ వెలుగు చుట్టూ గుండ్రంగా, సాలీడు అల్లినట్టు, వందల కొద్దీ సన్న గీతలు. దుమ్మేమో అనుకుని వేలితో రాశాను (అలా రాయడం కూడా తప్పేనని తర్వాత తెలిసింది). పోలేదు. ముదురు నీలం కారు, కొన్న రోజు అందులో మొహం చూసుకుని తల దువ్వుకునేలా ఉండేది. ఎవరూ గుద్దలేదు, ఎక్కడా గోడకి రాసుకోలేదు, పైగా రోజూ పొద్దున్నే తుడిపిస్తున్నాను. ఆ రోజూ తుడిపించడమే కొంప ముంచిందని అర్థం కావడానికి ఇంకో నెల పట్టింది.

ఇప్పుడు మా బావమరిది నల్ల కారు కొన్నాడు. నల్లది వద్దురా అంటే వినలేదు. "బావా, ఎక్కడ కడిగించమంటావ్?" అని వారానికోసారి ఫోన్. ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా ఒకేచోట రాసేస్తే నయమనిపించింది, బెంగళూరులో ఉన్న మనవాళ్ళలో చాలామందికి ఇదే సందేహం ఉంటుంది కాబట్టి.

గీతలు ఎలా పడతాయో ముందు చెప్పేస్తాను, అది తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే. కారు రంగు మీద పారదర్శకంగా ఒక పొర ఉంటుంది, క్లియర్ కోట్ అంటారు, మెరుపంతా దానిదే. దాని మందం మామూలుగా 35 నుంచి 50 మైక్రాన్లు. తలవెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది, కాబట్టి వెంట్రుక కన్నా పల్చన. మన రోడ్ల దుమ్ములో ఇసుక ఉంటుంది, ఇసుకలో ఉండే క్వార్ట్జ్ గాజునే గీరుతుంది, ఇక ఆ పల్చటి పొర ఎంత. దుమ్ము కారు మీద ఊరికే కూర్చుంటే పెద్దగా చేసేదేమీ లేదు. గుడ్డ పెట్టి లాగినప్పుడే ఆ గుడ్డ కాస్తా గరుకు కాగితం అవుతుంది. గీతలు పడ్డాక మెషీన్ పాలిష్ చేయిస్తే పోతాయి, నిజమే, కానీ పోయేది గీత కాదు, గీత లోతు వరకు ఆ పొరే అరిగిపోతుంది. అలా ఎన్నిసార్లు అరగదీస్తారు?

అందుకని ఎవరితో కడిగించినా నేను రెండే చూస్తాను. గుడ్డ తగిలేలోపు దుమ్ము ఎంత పోతోంది, ఆ గుడ్డ అంతకుముందు ఏయే కార్ల మీద తిరిగి వచ్చింది. సబ్బు ఏ కంపెనీది, నురగ ఏ రంగులో వస్తోంది అన్నవి ఆ తర్వాతి సంగతులు.

మొదటిది, అందరం చేసేది, అపార్ట్‌మెంట్‌లో నెల జీతానికి తుడిచే అన్న. మా దగ్గర నెలకి 600. రోజూ తుడవడం, వారానికి రెండుసార్లు నీళ్ళతో కడగడం ఒప్పందం. ఒక రోజు ఆఫీసుకి తొందరగా వెళ్ళాల్సి వచ్చి ఐదున్నరకి కింద బేస్‌మెంట్‌లోకి దిగాను. మా అన్న అప్పటికే పదమూడో పద్నాలుగో కారు మీద ఉన్నాడు. ఒకటే బకెట్. నీళ్ళు పల్చటి కాఫీ రంగులోకి వచ్చేశాయి. గుడ్డ పాత బనీను, అంచు కుట్టు గట్టిగా ఉంది. ముంచాడు, పిండాడు, మా బోనెట్ మీద ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క లాగు లాగాడు, అదే గుడ్డతో వంగి చక్రం డ్రమ్ము తుడిచాడు, మళ్ళీ లేచి డోర్ తుడిచాడు. బకెట్ అడుగున చెయ్యి పెట్టి చూస్తే వేళ్ళ మధ్య కరకరమని ఇసుక.

తప్పు ఆయనది కాదు. రెండు గంటల్లో ముప్పై కార్లు తుడవాలి, కారుకి నాలుగు నిమిషాలు. కుళాయి పై అంతస్తులో ఉంది. మనం ఇచ్చే డబ్బుకి ప్రతి కారుకీ నీళ్ళు మార్చు, గుడ్డ మార్చు అంటే ఎలా కుదురుతుంది? ఆయనది కదిరి దగ్గర, తెలుగే, కాబట్టి నేరుగా అడిగేశాను: అన్నా, మా బండి రోజూ తుడవద్దు, లోపల మ్యాట్లు దులుపు, అద్దాలు తుడువు, టైర్లు కడుగు, పెయింట్ మీద చెయ్యి వెయ్యొద్దు, డబ్బు మాత్రం అంతే ఇస్తాను. నావైపు అనుమానంగా చూశాడు. "తుడవకపోతే మురిగ్గా కనపడతాది సార్, మేడమ్ నన్నే అంటారు" అన్నాడు. మేడమ్‌తో నేను మాట్లాడతాలే అన్నాను. (మాట్లాడటం మాత్రం అంత తేలిగ్గా అవలేదు. దుమ్ముతో ఉన్న కారులో పెళ్ళికి ఎలా వెళ్తామని ఒక వారం నడిచింది.)

తెల్ల కారో వెండి రంగు కారో అయితే, మూడు నాలుగేళ్ళకి మార్చేస్తామనుకుంటే, ఈ పద్ధతి కొనసాగించినా కొంప మునగదు. గీతలు వాటి మీదా పడతాయి, కంటికి తక్కువ ఆనుతాయి, అంతే. అప్పుడు కూడా రెండు మైక్రోఫైబర్ గుడ్డలు మీరే కొనిచ్చి, ఇవి మా కారుకి మాత్రమే అని చెప్పండి, వాటిని మీ డిక్కీలోనే ఉంచండి. నల్లది, ముదురు నీలం, ముదురు ఎరుపు అయితే మాత్రం పొడి గుడ్డతో రోజూ తుడిపించడం ఇవాళే ఆపించండి. మైనం పూసిన నూలు దారాల డస్టర్ ఉంటుంది చూడండి, అదీ అంతే, దుమ్ముని మోసుకుంటూ తిరుగుతుంది. కారు కవర్ కప్పితే సరిపోతుందనుకునేవాళ్ళు ఇంకో రకం. దుమ్ము మీద కవర్ కప్పితే గాలికి అది కదిలినప్పుడల్లా రాపిడే. కడిగి ఆరబెట్టిన కారుకి, గాలి కొట్టని చోట అయితే కవర్ మంచిదే.

ఇక ఫోమ్ వాష్ షాపులు. సర్జాపూర్ రోడ్డులో, వైట్‌ఫీల్డ్‌లో సందుకొకటి ఉంది. నేను వెళ్ళేచోట చిన్న కారుకి 450. వీటిలో మొదటి సగం బాగుంటుంది, రెండో సగం పాడు చేస్తుంది. ప్రెషర్ నీళ్ళు కొడతారు, దుమ్ములో చాలా భాగం చెయ్యి తగలకుండానే పోతుంది, తర్వాత నురగ కొట్టి కాసేపు నాననిస్తారు, అక్కడిదాకా నాకు అభ్యంతరం లేదు. ఆ తర్వాత ఒక కుర్రాడు స్పాంజి తీసుకుని వస్తాడు. ఆ స్పాంజి ఎక్కడ ఉండిందో చూడండి. నేల మీద పడి ఉంటే, లేదా అదే స్పాంజితో కింద బంపర్, చక్రాలు రుద్ది మళ్ళీ పైకి వస్తుంటే, మీరు 450 ఇచ్చి గీతలు కొనుక్కున్నట్టే. చివర్లో తుడిచే గుడ్డ ఇంకా ప్రమాదం, పొద్దుటి నుంచి వచ్చిన ప్రతి కారునీ అదే తుడిచి ఉంటుంది.

నేను చేసేదేమిటంటే, మంగళవారమో బుధవారమో పదకొండు గంటలకి వెళ్తాను, ఆదివారం పొద్దున అస్సలు వెళ్ళను, లైనులో ఎనిమిది కార్లుంటే ఎవరికీ ఓపిక ఉండదు. నా మిట్టు, నా గుడ్డలు సంచిలో పట్టుకెళ్ళి, "తమ్ముడూ, వీటితోనే చెయ్యి, చక్రాలకి మాత్రం మీది వాడుకో" అంటాను. మిట్టు అంటే చేతికి తొడుక్కునే మైక్రోఫైబర్ తొడుగు, దాని పోగులు పొడుగ్గా ఉంటాయి కాబట్టి రేణువులు లోపలికి పోతాయి, స్పాంజిలాగా పెయింటుకీ స్పాంజికీ మధ్య ఇరుక్కోవు. మొదటిసారి నవ్వారు. యాభై రూపాయలు చేతిలో పెడితే రెండోసారి నుంచి వాళ్ళే "సార్ గుడ్డలు తెచ్చారా" అని అడుగుతున్నారు. ప్రెషర్ గన్ను ఒక అడుగు కన్నా దగ్గరికి తేనివ్వకండి, ముఖ్యంగా రాయి తగిలి పెయింట్ లేచిన చోట, స్టిక్కర్ల అంచుల్లో, డోరు రబ్బర్ల మీద. బోనెట్ వేడిగా ఉండగా నురగ కొట్టించకండి, ఎండకి ఆరిపోయి మరకలు కడుతుంది. డాష్‌బోర్డ్ పాలిష్ చేద్దామా, వ్యాక్స్ చేద్దామా అని అడుగుతారు, వద్దనండి.

ఊరి నుంచి వచ్చిన కారుకి మాత్రం ఈ షాపే సరైనది. సంక్రాంతికో పెళ్ళికో అనంతపురం వైపు వెళ్ళొస్తే ముందు బంపర్ నిండా పురుగులు, పక్కలకి ఎర్ర మట్టి, కింద బురద. అది ప్రెషర్ నీళ్ళు లేకుండా ఇంట్లో తీసే పని కాదు. పురుగుల మరకలు ఎన్ని రోజులు వదిలేస్తే అంత గట్టిపడతాయి, వచ్చిన మర్నాడే కడిగించండి.

సర్వీస్ సెంటర్‌లో ఉచితంగా కడిగిచ్చే వాష్ సంగతి ఒక్క ముక్కలో: వద్దనండి. జాబ్ కార్డ్ మీద "వాష్ వద్దు" అని రాయించండి, నోటితో చెప్తే సరిపోదు, సాయంత్రం డెలివరీ హడావిడిలో ఎవరికీ గుర్తుండదు. బ్రష్షులు తిరిగే ఆటోమేటిక్ మెషీన్ కూడా అంతే, ముందు వెళ్ళిన కారు బురద ఆ బ్రష్షులోనే ఉంటుంది.

మూడో దారి మనమే కడుక్కోవడం. ఇక్కడ బెంగళూరుకి తగ్గ చిక్కొకటి ఉంది, నీళ్ళు. 2024 మార్చిలో బోర్లు ఎండిపోయి నగరమంతా ట్యాంకర్ల వెంట పడినప్పుడు, తాగునీటితో బండ్లు కడిగితే 5000 రూపాయల జరిమానా అని జలమండలి ఆదేశం ఇచ్చింది, 2025 ఫిబ్రవరిలో మళ్ళీ అదే ఆదేశం. ఎక్కడో 100 కిలోమీటర్ల అవతల నుంచి ఎత్తిపోసి తెచ్చే కావేరి నీళ్ళని పైపు పెట్టి కారు మీద పారబోయడం జరిమానా లేకపోయినా నాకు మనసొప్పదు, పక్క బ్లాకులో ట్యాంకర్ కోసం ఎదురుచూస్తుంటే మరీను.

సరే, బోరు నీళ్ళు వాడదాం అంటారు. మా వైపు బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, గీజర్ రాడ్డు మీద తెల్లగా పేరుకునేది అదే. కారు మీద చుక్క ఆరితే నీరు పోయి కాల్షియం, మెగ్నీషియం మిగిలి తెల్లటి రింగులు పడతాయి. ఎండలో అవి క్లియర్ కోట్‌లోకి దిగితే తుడిస్తే పోవు. తాజా మరకలైతే వెనిగర్‌లో అంతే నీళ్ళు కలిపి గుడ్డ తడిపి ఒక నిమిషం ఉంచి కడిగేస్తే పోతాయి. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ కుళాయిలో వచ్చేది చాలాచోట్ల ఎస్టీపీలో, అంటే అపార్ట్‌మెంట్ మురుగునీటి ప్లాంటులో, శుద్ధి చేసిన నీళ్ళు. టైర్లకీ, మొదట దుమ్ము వదిలించడానికీ బాగానే పనికొస్తాయి, చివరి కడుగుకి మాత్రం వాడకండి. ఇంకో మాట, ఆర్ఓ ఫిల్టర్ నుంచి బయటికి పోయే నీళ్ళని పొదుపు అని పట్టి దాంతో కారు కడిగేవాళ్ళు మా బ్లాకులోనే నలుగురున్నారు. పొదుపు బుద్ధి మంచిదే, కానీ ఆ నీళ్ళలో ఉప్పు మామూలు నీళ్ళకన్నా ఎక్కువ చేరి ఉంటుంది. వాటితో నేల తుడవండి, బాల్కనీ కడగండి. మేడ మీద పట్టిన వాన నీళ్ళు ఉంటే మాత్రం కారుకి అంతకు మించినవి లేవు.

నీళ్ళ సంగతి తేలాక, పద్ధతి రెండు బకెట్లు. ఒకదాంట్లో కారు షాంపూ కలిపిన నీళ్ళు, ఒకదాంట్లో మామూలు నీళ్ళు. ముందు కారంతా నీళ్ళు పోసి దుమ్ము కారిపోనివ్వాలి. తర్వాత మిట్టు షాంపూలో ముంచి, టాప్ నుంచి మొదలుపెట్టి కిందికి, నిలువుగానో అడ్డంగానో తిన్నగా, గుండ్రంగా తిప్పకుండా, నొక్కకుండా. ఒక డోరు అవ్వగానే మిట్టుని మామూలు నీళ్ళలో జాడించి, అప్పుడే మళ్ళీ షాంపూలో ముంచాలి. చక్రాలకి వేరే గుడ్డ, ఆఖర్న. గిన్నెల సబ్బు, బట్టల పొడి వద్దు, ఉన్న వ్యాక్స్ ఊడగొట్టేస్తాయి. అంతా అయ్యాక ఆ మామూలు నీళ్ళ బకెట్ నిదానంగా ఒంచి చూడండి. మొదటిసారి నేను చూసినప్పుడు అడుగున చిటికెడు కాదు, చెంచాడు ఇసుక. అంతకుముందు ఏడు నెలలు అదంతా ఎక్కడికి వెళ్ళిందో తలుచుకుంటే కడుపు కాలింది. ఈ పద్ధతికి నీళ్ళు పోసే దాన్నిబట్టి 60, 70 లీటర్లు, గంట సమయం, నీడ ఉన్న చోటు కావాలి. ఇండిపెండెంట్ ఇల్లు, సొంత పోర్టికో ఉన్నవాళ్ళకి ఇదే నా ఓటు.

అపార్ట్‌మెంట్ వాళ్ళకి నా ఓటు నాలుగోదానికి, రిన్స్‌లెస్ వాష్. పేరు వింటే నేనూ నమ్మలేదు, నీళ్ళు పోయకుండా కడగడమేంటి, మళ్ళీ రుద్దడమేగా అనుకున్నాను. ఇది మామూలు షాంపూ కాదు, నురగ రాదు, దుమ్ము రేణువుని చుట్టుకుని జారేలా చేసే పాలిమర్లు ఉంటాయి, కడిగాక మళ్ళీ నీళ్ళు పోయక్కర్లేదు. నేను వాడేదానికి కొలత 1కి 256, అంటే 10 లీటర్ల బకెట్‌కి సుమారు 40 మిల్లీలీటర్లు, అరలీటరు సీసా పన్నెండు సార్లు వస్తుంది. కారు మొత్తానికి ఆ ఒక్క బకెట్ చాలు. అదే ద్రావణం స్ప్రే సీసాలో పోసి ముందు ఒక భాగం మీద కొట్టి, రెండు నిమిషాలు నాననిచ్చి, బకెట్‌లో నానిన మైక్రోఫైబర్ గుడ్డని నాలుగు మడతలు వేసి, ఒక లాగుకి ఒక వైపు. మురికైన వైపు మడిచేసి కొత్త వైపు. ఒక గుడ్డకి ఎనిమిది వైపులొస్తాయి, అన్నీ అయిపోతే ఆ గుడ్డ పక్కన పడేసి ఇంకోటి. వాడిన గుడ్డ మళ్ళీ బకెట్‌లోకి పోకూడదు, అసలు కిటుకు అదే. ఎనిమిది పది గుడ్డలు కావాలి. వెంటనే పొడి గుడ్డ ఆనించి తుడిచేస్తే ఆరే చుక్కలే ఉండవు, ఉప్పు నీళ్ళ బాధ లేదు, బేస్‌మెంట్ నేల తడవదు, అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో మన ఫోటో పడదు. నాకు నలభై నిమిషాలు పడుతుంది.

దీనికి హద్దు ఉంది. మామూలు రోడ్డు దుమ్ము వరకే. బురద, ఎండిన మట్టి ముద్దలు, సిమెంటు దుమ్ము మందంగా పేరుకుంటే (అవుటర్ రింగ్ రోడ్డు మెట్రో పనుల పక్కన రోజూ తిరిగేవాళ్ళకి చెప్తున్నాను) ముందు షాపులో ప్రెషర్ నీళ్ళు కొట్టించి రావాలి, వట్టి నీళ్ళు మాత్రమే కొట్టండి అంటే తక్కువకే కొడతారు. ఇక గుడ్డలు ఇంటి బట్టలతో కలిపి మెషీన్‌లో వేయకండి, వాసన కోసం పోసే కండిషనర్ అసలే వద్దు, పోగులకి పూతలా అంటుకుని పనికిరాకుండా చేస్తుంది. నేల మీద పడ్డ గుడ్డ ఆ క్షణం నుంచి టైర్ల గుడ్డ.

చెట్టు కింద పార్క్ చేసేవాళ్ళ లెక్క వేరు. ఈ ఊళ్ళో నీడ అంటే కానుగ చెట్లు, జిగట కారుతుంది, పూలు రాలతాయి, పైన కాకులు, పావురాలు. పక్షి రెట్ట మాత్రం వారాంతం దాకా ఆగదు, ఎండకి పెయింట్‌ని తినేస్తుంది. అలాగని గోకొద్దు. టిష్యూ తడిపి దాని మీద ఐదు నిమిషాలు పరిచి, మెత్తబడ్డాక పైకి ఎత్తేయండి. నా డోరు అరలో ఇందుకోసమే చిన్న స్ప్రే సీసా, రెండు గుడ్డలు ఉంటాయి.

ఆయుధ పూజ కూడా చెప్పాలి, ఈ ఊళ్ళో అది బండ్ల పండగ. ముందు రోజు ఏ వాష్ షాపుకీ వెళ్ళకండి, కార్లు రోడ్డు దాకా ఉంటాయి, నిమిషాల్లో రుద్ది పంపేస్తారు. రెండు రోజుల ముందే మీరు చేసుకోండి. పసుపు కుంకుమ బొట్లు పెయింట్ మీద కాకుండా నంబర్ ప్లేట్ మీదో అద్దం మీదో పెట్టండి. బంపర్‌కి కట్టే అరటి పిలకల తాడు కింద గుడ్డ ముక్క వేయండి, లేకపోతే పూజ అయ్యాక ఊరంతా తిరిగేసరికి తాడు రాసుకున్న చోట రెండు తెల్ల చారలు మిగులుతాయి. మాకు మిగిలాయి.

పెయింట్ మీద రక్షణగా పూసే సిరామిక్ కోటింగ్ వేయిస్తే ఇవేవీ అక్కర్లేదా అని బావమరిది అడిగాడు. అక్కర్లేకపోవడం కాదు, నీళ్ళు జారిపోతాయి, మురికి తేలిగ్గా వదులుతుంది, ఇసుక గుడ్డతో రుద్దితే దాని మీదా గీతలు పడతాయి. పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) అయితే పెయింట్ మీద అతికించే పారదర్శక ఫిల్మే, గీతలు అది భరిస్తుంది, దాని ఖరీదుకి చిన్న బైక్ వస్తుంది. బైక్ అంటే గుర్తొచ్చింది, మ్యాట్ (మెరుపు లేని) రంగు బండికి పాలిష్, వ్యాక్స్ ఏదీ పూయకండి, మచ్చలు మచ్చలుగా మెరుస్తుంది.

వాడికి చివరికి చెప్పింది ఇది: నల్ల కారు, బేస్‌మెంట్ పార్కింగ్, వారానికి రెండు రోజులే ఆఫీసు, కాబట్టి రోజూ తుడిపించడం మానెయ్, పదిహేను రోజులకోసారి రిన్స్‌లెస్, వానాకాలంలో నెలకోసారి మంగళవారం షాపు, గుడ్డలు నీవే. మొన్న ఆదివారం మొదటిసారి చేశాడు. వీడియో కాల్‌లో బోనెట్ మీద మొబైల్ టార్చ్ వేసి చూపించాడు, ఒక్క గీత లేదు. పక్కనే వాళ్ళ తుడిచే అన్న నిలబడి ఉన్నాడు, "ఎనిమిది గుడ్డలు ఒక్క కారుకా సార్?" అంటున్నాడు.